పన్నెండు గళ్లలో పట్టని డ్యూషాం

మార్సెల్ డ్యూషాం 1887 జూలై 28న ఫ్రాన్స్‌లో, నార్మండీ ప్రాంతంలోని బ్లాంవిల్-క్రెవాన్ అనే పల్లెలో పుట్టాడు. కొందరికి ఈ ఒక్క వాక్యం చాలు. చక్రం వేసేస్తారు. సూర్యుడు ఫలానా చోట ఉన్నాడు కాబట్టే మోనాలిసాకి మీసాలు గీశాడనీ, శని ఫలానా చోట ఉన్నాడు కాబట్టే బొమ్మలు మానేసి చదరంగం పట్టుకున్నాడనీ తేల్చేస్తారు. పైగా ఫ్రాన్స్‌లో జనన రిజిస్టర్లో తేదీతో పాటు పుట్టిన గంట కూడా రాస్తారు. ఇంతకంటే ఏం కావాలి? ఫ్రెంచి కళాకారులంటే జాతకాలు వేసేవాళ్లకి అంత మక్కువ ఉండటంలో వింతేమీ లేదు.

సరదాకి వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. క్రికెటర్లకి వేస్తారు, సినిమావాళ్లకి వేస్తారు, కళాకారులకీ వేసుకోండి. కానీ ఆ చక్రాన్ని విమర్శ అని, జీవితచరిత్ర అని, కళని "లోతుగా" అర్థం చేసుకునే దారి అని ముందుకి తెచ్చినప్పుడు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకంటే అది అబద్ధం చెప్పడంతో ఆగదు. నిజంగా చెప్పాల్సినవాటిని దాచేస్తుంది కూడా. నా గొడవ ఎక్కువగా ఆ రెండోదాని గురించే.

ముందు మొదటిదాని సంగతి చూద్దాం. జూలై 28న పుట్టినవాడు పాశ్చాత్యుల సాయన లెక్కలో సింహరాశి వాడు. మన పంచాంగాలు నడిచేది నిరయన లెక్కలో. భూమి అక్షం బొంగరంలా మెల్లగా ఊగడం వల్ల ఈ రెండు లెక్కల మధ్య తేడా సుమారు 72 ఏళ్లకి ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ వచ్చింది. 1887 నాటికి అది 22 డిగ్రీలు దాటింది. అంచేత అదే రోజు, అదే సూర్యుడు, మన లెక్క ప్రకారం ఇంకా కర్కాటకంలోనే ఉన్నాడు. రైతుల భాషలో చెప్పాలంటే పుష్యమి కార్తె నడుస్తోంది. సింహంలోకి రావాలంటే ఆగస్టు సగం గడవాలి. వాళ్లు సూర్యుణ్ణి బట్టి రాశి చెప్తారు, మనం చంద్రుణ్ణి బట్టి చెప్తాం అనేది మళ్లీ వేరే తగువు. ఒక్క సూర్యుణ్ణే తీసుకున్నా పారిస్‌లో సింహమైనవాడు హైదరాబాద్‌లో దిగేసరికి పీత అయిపోతున్నాడు.

తమాషా ఏంటంటే రెండూ సరిపోతాయి. సింహం అనుకోండి: మూత్రశాల తొట్టిని కళాఖండమని ప్రదర్శనకి పంపే ధైర్యం, నలుగురి కళ్లూ తనమీదే ఉండాలన్న దర్జా. కర్కాటకం అనుకోండి: డొల్లలోకి ముడుచుకుపోవడం, ఇంటర్వ్యూల్లో ఏదడిగినా పక్కకి జరిగిపోవడం, 20 ఏళ్లు ఎవరికీ తెలియకుండా గదిలో పని చేసుకోవడం. ఏ జంతువు బొమ్మ తగిలించినా అతికిపోతుంది. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న మాకు ఇది బాగా తెలిసిన రోగం. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా "పాస్" అనే టెస్ట్ ఎవరైనా రాస్తే మేం సంబరపడం. అది దేన్నీ పరీక్షించట్లేదని అర్థం చేసుకుని తీసి అవతల పారేస్తాం.

ఇంకో పరీక్ష చూడండి. "పెద్ద గాజు" అని అందరూ పిలిచే పనిని డ్యూషాం 1915లో మొదలుపెట్టి, 1923లో అసంపూర్తిగానే వదిలేశాడు. ఆ తర్వాత ఆయన కళ మానేశాడనీ చదరంగానికే అంకితమయ్యాడనీ లోకం నమ్మింది. నమ్మడానికి కారణం ఉంది: 1928 నుంచి 1933 వరకు ఒలింపియాడ్లలో ఫ్రాన్స్ జట్టు తరఫున ఆడినవాడు, 1932లో చదరంగం ముగింపు ఎత్తుల మీద హాల్బర్‌స్టాట్‌తో కలిసి పుస్తకం రాసినవాడు. 1968 అక్టోబర్ 2న చనిపోయాడు. మరుసటి ఏడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఒక పాత చెక్క తలుపు, దానికి రెండు కన్నాలు. కన్నాల్లోంచి చూస్తే లోపల పుల్లల మీద పడుకున్న నగ్న స్త్రీ దేహం, పైకెత్తిన చేతిలో గ్యాస్ దీపం, వెనక జలపాతం. 1946 నుంచి 1966 దాకా రహస్యంగా చేసుకున్న పని అది. విడగొట్టి మళ్లీ ఎలా బిగించాలో ఫొటోలతో సహా మాన్యువల్ కూడా తయారుచేసి పెట్టాడు.

1960లో ఆయన చక్రం వేసి ఉంటే "కళని ఎందుకు త్యజించాడు" అన్నదానికి అందులో కారణం దొరికేది. 1970లో వేస్తే "ఎందుకు త్యజించలేదు" అన్నదానికీ దొరుకుతుంది. గ్రహాలు ఉన్నచోటనే ఉన్నాయి, మారింది మనకి అందిన వార్త. అంటే చక్రం వార్తని చదువుతోందన్నమాట, మనిషిని కాదు.

దీన్ని కొలిచి చూపించినవాడు కూడా ఫ్రెంచివాడే. మిషెల్ గోక్లాఁ అనే పరిశోధకుడు. జ్యోతిషాన్ని వెక్కిరించడానికి బయల్దేరినవాడు కాదు. ఫ్రెంచి రిజిస్టర్లలోంచి వేలాది జనన సమయాలు ఏరి, గ్రహాలకీ వృత్తులకీ ఏమన్నా సంబంధం ఉందేమోనని జీవితమంతా లెక్కలు కట్టాడు. ఆయన 1960లలో ఒక పారిస్ వారపత్రికలో ఉచితంగా జాతకం పంపుతామని ప్రకటన ఇచ్చాడు. అడిగినవాళ్లందరికీ కంప్యూటర్ తయారుచేసిన ఒకే జాతకం పంపాడు. జవాబిచ్చిన మొదటి 150 మందిలో 94 శాతం మంది "అచ్చం నా గురించే" అన్నారు. ఆ జాతకం ఎవరిదో తెలుసా? డాక్టర్ మార్సెల్ పెతియోది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో, దేశం దాటిస్తానని నమ్మించి మనుషుల్ని చంపి, 1946లో గిలటిన్ ఎక్కిన హంతకుడిది.

సరే, జాతకం ఏమీ చెప్పదు. అంతేనా అంటే, అంతే అయితే నేను ఇంత రాయను. అసలు నష్టం ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

పుట్టిన గడియని భూతద్దం పెట్టి చూసేవాళ్లు పుట్టిన ఇంటిని చూడరు. డ్యూషాం ఇల్లు చూడండి. తల్లి తరఫు తాత ఎమిల్ నికోల్ ఓడల వ్యాపారంలో సంపాదించి, ఆ తర్వాత బొమ్మలకీ రాగిరేకు చెక్కడాలకీ అంకితమైనవాడు. ఇంటినిండా ఆయన బొమ్మలే. తండ్రి యూజీన్ నోటరీ. అంటే మన వీధి చివర స్టాంపు కొట్టి పంపే నోటరీ కాదు; ఫ్రెంచి పల్లెలో ఆస్తులు, వీలునామాలు, పెళ్లి ఒప్పందాలు అన్నీ ఆయన చేతిమీదుగా నడిచే పెద్దమనిషి. పెరిగి పెద్దయిన ఆరుగురు పిల్లల్లో నలుగురు కళాకారులయ్యారు: జాక్ విలాఁ అన్న పేరుతో బొమ్మలేసిన గాస్తాఁ, శిల్పి రేమాఁ, మన మార్సెల్, చెల్లెలు సుజాన్. పుట్టిన ఏళ్లు వరసగా 1875, 1876, 1887, 1889. నాలుగు వేరువేరు చక్రాలు, ఒకటే ఇల్లు. నలుగురి చక్రాల్లోనూ కళాయోగం ఉందంటారా? అయితే ఆ యోగం అసలు పేరు తాతగారు.

తండ్రి కూడా గట్టి లెక్కలమనిషి. కళలోకి వెళ్తామన్న పిల్లలకి నెలనెలా డబ్బు పంపాడు. పంపిన ప్రతి ఫ్రాంకూ రాసిపెట్టుకుని, ఎవరికి ఇచ్చింది వాళ్ల ఆస్తి వాటాలోంచి తగ్గిస్తానని ముందే చెప్పాడు. ఇరవైల్లో ఉన్న కుర్రాడు ఉద్యోగం లేకుండా పారిస్‌లో ఉండి, రోజుకో శైలిలో బొమ్మలేసి పారేయగలిగాడంటే వెనక ఉన్నది ఈ పద్దుల పుస్తకం. 1905లో సైన్యంలో పనిచేయాల్సి వచ్చినప్పుడు, కళాకార్మికుడైతే రెండేళ్లకి బదులు ఏడాదితో సరిపోతుందని తెలిసి రువాన్‌లో ముద్రణ పని నేర్చుకున్నాడు. పరీక్షకి తాతగారి రాగిరేకుల మీంచే ప్రతులు తీసి చూపించి గట్టెక్కాడు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. గుండెలో చప్పుడు ఉందని మార్సెల్‌ని సైన్యం వద్దంది, 1915లో న్యూయార్క్ వెళ్లిపోయాడు. అన్న రేమాఁ వెళ్లాడు, సైన్యంలో అంటుకున్న టైఫాయిడ్‌తో 1918లో పోయాడు. న్యూయార్క్‌లో స్టూడియో అద్దె కట్టింది ఆరెన్స్‌బర్గ్ దంపతులు, బదులుగా ఆ పెద్ద గాజు వాళ్లదయ్యేట్టు ఒప్పందం. ఇవన్నీ ఏ గడిలో వేస్తారు?

ఇంటిని చూడకపోవడం ఒకటైతే, పక్కన ఉన్న మనుషుల్ని చూడకపోవడం ఇంకోటి. 1917లో న్యూయార్క్‌లో, ఆరు డాలర్లు కడితే చాలు ఎవరి పనైనా ప్రదర్శిస్తామన్న సంఘానికి "ఆర్. మట్" అన్న సంతకంతో ఒక మూత్రశాల తొట్టి వచ్చింది. దాన్ని ప్రదర్శించలేదు. సంఘం బోర్డులో ఉన్న డ్యూషాం రాజీనామా చేశాడు. "ఫౌంటెన్" కథ ఇదే. అయితే ఆ ఏప్రిల్ 11న చెల్లెలు సుజాన్‌కి రాసిన ఉత్తరంలో, తన స్నేహితురాలు ఒకామె మగపేరు పెట్టుకుని ఆ తొట్టిని పంపిందని డ్యూషామే రాశాడు. ఆ స్నేహితురాలు జర్మన్ కవయిత్రి, బారనెస్ ఎల్సా ఫోన్ ఫ్రైటాగ్-లోరింగ్‌హోఫెన్ అని కొందరి వాదన. కాదు, ఆ తొట్టి తాలూకు చీటీ మీదున్న అడ్రసు లూయీజ్ నార్టన్‌ది కాబట్టి ఆమే అని మరికొందరు. అంతా డ్యూషాం ఆడిన నాటకమే అని ఇంకొందరు. తగువు తెగలేదు. ఇప్పుడు చెప్పండి, ఫౌంటెన్‌ని వివరించడానికి ఎవరి చక్రం వేద్దాం? 1887 జూలైలో పుట్టినవాడిదా, 1874 జూలైలో పుట్టిన ఎల్సాదా? ఒక కళాఖండాన్ని ఒక మగవాడి పుట్టిన గడియకి కట్టేయగానే ఈ ప్రశ్న అడిగే వీలే పోతుంది. ఉత్తరాలు చదవక్కర్లేదు, చీటీలు వెతకక్కర్లేదు. ఆకాశం ముందే తీర్పు ఇచ్చేసింది.

చెల్లెలు సుజాన్ సంగతీ అంతే. 1919లో ఆమె పెళ్లికి అన్న పంపిన కానుక ఒక సూచన: జ్యామితి పుస్తకాన్ని బాల్కనీకి వేలాడదీయండి, గాలే పేజీలు తిప్పి ఏ లెక్క కావాలో ఎంచుకుంటుంది, అని. వేలాడదీసింది సుజాన్, చివరికి దాన్ని బొమ్మగా వేసింది కూడా సుజానే. కానీ రెడీమేడ్‌ల జాబితాల్లో అది "మార్సెల్‌ది". జాబితాలు రాసినవాళ్ల అలవాటే చక్రాలు వేసేవాళ్లకీ వచ్చింది.

"మీరు హేతువాదం పేరుతో కళని పొడిగా చేస్తున్నారు, ఆ కాలపు ఫ్రెంచి కళాకారులే జ్యోతిషాన్ని ప్రేమించారు కదా" అంటారు. ప్రేమించారు, నిజమే. ఆంద్రే బ్రెతాఁ 1925లోనే సోదె చెప్పే స్త్రీలని ఉద్దేశించి బహిరంగ లేఖ రాశాడు. కవి, చిత్రకారుడు మాక్స్ జాకబ్ మిత్రులకి జాతకాలు వేసేవాడు. జ్యోతిషం మీద ఆయన మరొకరితో కలిసి చేసిన పుస్తకం 1949లో వచ్చింది. అప్పటికి ఆయన లేడు. యూదు కుటుంబంలో పుట్టి, 1915లో క్యాథలిక్‌గా బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఆ బాప్తిస్మానికి పికాసో జ్ఞానపిత. 1944 ఫిబ్రవరిలో పట్టుకెళ్లారు, మార్చి 5న ద్రాంసీ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. 1940 నాటి విషీ ప్రభుత్వ చట్టం ఎవరు యూదులో తేల్చడానికి తాతలూ అమ్మమ్మలూ ఎవరని అడిగింది.

ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడికి తాతగారి రాగిరేకులు సైన్యంలో ఏడాది తగ్గించాయి. ఇంకొకడి ప్రాణాన్ని తాతలు ఎవరన్న ప్రశ్న తీసింది. పుట్టుక బతుకుని మలుస్తుంది అన్నమాట నేను కొట్టేయడం లేదు, అంతకంటే గట్టిగా చెప్తున్నాను. కానీ మలిచేది గ్రహాలు కాదు. రిజిస్టర్లు, ఆస్తి పద్దులు, చట్టాలు, మగపేర్లు. వీటన్నిటినీ మనుషులే రాశారు, కాబట్టి మనుషులు కొట్టేయగలరు. గ్రహాల పేరు చెప్పినప్పుడల్లా ఆ రాసినవాళ్లు తప్పించుకుంటారు.

ఇది మనకి ఎవరో విప్పి చెప్పాలా? తాతలెవరని అడగని ఊరు మన దగ్గర ఉందా? కులం చూసి ఇల్లు అద్దెకివ్వనివాళ్లే జాతకం చూసి ముహూర్తం పెడతారు. ఒకటి బయటికి చెప్పలేని లెక్క, రెండోది గర్వంగా చెప్పుకునే లెక్క. నాకు పదిహేనేళ్లప్పుడు బొమ్మల పిచ్చి ఉండేది. ఇంట్లోవాళ్లు సిద్ధాంతిగారికి చూపిస్తే ఈ అబ్బాయికి యంత్రవిద్య యోగం ఉంది, కళ కలిసిరాదు అన్నారు. ఎంపీసీలో చేరాను, ఇంజనీరునయ్యాను. చూశారా, నిజమైంది అంటారు మావాళ్లు. ఆ ఏడు మా క్లాసులో మార్కులొచ్చిన మగపిల్లలందరికీ అదే యోగం పట్టింది మరి! ఊరిచుట్టూ మొలిచిన ఇంజనీరింగ్ కాలేజీలూ, అమెరికా వెళ్లిన పక్కింటి అబ్బాయీ, నెలనెలా డబ్బు పంపగలిగే నోటరీ నాన్న లేకపోవడమూ, ఇవి కలిస్తే వచ్చే యోగం అది. ఆ మాటే సూటిగా చెప్పి ఉంటే కనీసం వాదించుకునేవాళ్లం. గురుడితో ఎవరు వాదిస్తారు?

ఇంకో వాదన కొంచెం తెలివైనది. 1957లో హ్యూస్టన్‌లో చేసిన ప్రసంగంలో డ్యూషామే చెప్పాడు కదా, కళ కళాకారుడితో పూర్తికాదు, చూసేవాడు తన వంతు కలుపుతాడని. అలాంటప్పుడు చక్రం వేయడం కూడా చూసేవాడి వంతే కదా, అని. కాదు. చూసేవాడు ముందు చూడాలి. చక్రం వేయడానికి గాజు ముందు నిలబడనక్కర్లేదు, రవాణాలో అది పగిలిందనీ, 1936లో డ్యూషాం కూర్చుని ముక్కలు అతికాడనీ, ఆ పగుళ్లు ఇప్పుడు బొమ్మలో భాగమనీ తెలియనక్కర్లేదు. తేదీ, ఊరు, గంట చాలు. పనిని చూడకుండా చేసే వ్యాఖ్యానానికి ప్రేక్షకుడి హక్కు వర్తించదు.

యాదృచ్ఛికం అనే మాటని ఆయనంత సీరియస్‌గా తీసుకున్నవాళ్లు తక్కువ. 1913-14లో మీటరు పొడవు దారాన్ని మీటరు ఎత్తునుంచి మూడుసార్లు జారవిడిచాడు. అది పడ్డ వంపుని పడ్డట్టే అతికించి, ఆ వంపులతో చెక్క కొలబద్దలు కోయించి, పెట్టెలో పెట్టాడు. ఆ కొలబద్దల్ని తర్వాతి పనుల్లో వాడాడు కూడా. దారం ఎలా పడిందన్నది అదృష్టమే అనుకోండి, దాంతో ఏం చేయాలన్నది నిర్ణయం, శ్రమ. మన ఆలంకారికులు ఇంతకంటే తక్కువ చెప్పలేదు. మమ్మటుడు కావ్యానికి కారణంగా శక్తినీ, నిపుణతనీ, అభ్యాసాన్నీ కలిపి చెప్పాడు. మనం మాత్రం మొదటిదాన్ని పట్టుకుని "పుట్టుకవి" అని దండేసి, మిగతా రెండూ మరిచిపోయాం. వర్ధంతి సభల్లో వినండి, ఎంతమంది పుట్టుకతోనే కవులో! వాళ్లకి పుస్తకాలు ఎక్కడ దొరికాయి, రాసుకోడానికి గది ఎవరిచ్చారు, ఆ గది ఊడ్చిందెవరు అని ఒక్కరూ అడగరు.

అన్నట్టు, చక్రాలు వేసేవాళ్లకి ఒక చిన్న పని. డ్యూషాం 1920లో న్యూయార్క్‌లో తనకి ఇంకో మనిషిని పుట్టించుకున్నాడు. రోజ్ సెలవీ, ఆడమనిషి. మాన్ రే ఆమెని ఫొటో తీశాడు, ఆమె పేరుతో పనులున్నాయి, సంతకాలున్నాయి. ఆమెకి జన్మలగ్నం ఏది? వచ్చిన పుట్టుక చాలదని, తనే కొత్త పేరుతో, కొత్త లింగంతో మళ్లీ పుట్టిన మనిషిని పట్టుకుని, 1887లో నార్మండీ మీద ఏ నక్షత్రం ఉందని వెతకడమేంటి?

ఎల్సా 1927 డిసెంబర్‌లో పారిస్‌లో, పేదరికంలో, గదిలో గ్యాస్ నిండి చనిపోయింది. ఆమెకీ ఒక పుట్టినతేదీ ఉంది, 1874 జూలై 12. దాన్ని ముందేసుకుని గ్రహాలు లెక్కపెట్టినవాళ్లు నాకైతే తగల్లేదు. డ్యూషాంకి వేస్తారు, ఎందుకంటే ఆయన అప్పటికే మ్యూజియంలో ఉన్నాడు. ముందు కీర్తి వస్తుంది, దాని వెనకాలే జాతకం నడుచుకుంటూ వస్తుంది. ఈసారి ఎవరైనా ఒక కళాకారుడి చక్రం మీ ముందు పరిస్తే, ఆ ఏట ఆయన అద్దె ఎవరు కట్టారో ఒక్కసారి అడిగి చూడండి.